టాన్సిల్స్ తీయించాలా? పాత ఆపరేషన్, ఆలస్యంగా వచ్చిన ఆధారాలు

పిల్లలకు నెలకోసారి గొంతునొప్పి, జ్వరం వస్తుంటే ఇంట్లో మొదలయ్యే టెన్షన్ ఒకటే: టాన్సిల్స్ తీయించేద్దామా? ఆపరేషన్ చాలా పాతది. క్రీ.శ. 1వ శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ దాని పద్ధతి రాశాడు. టాన్సిల్ వేలికి ఊడి వస్తే సరే, లేదంటే కొక్కెంతో పట్టి కత్తితో కోయాలి. 1820ల చివర్లో ఫిలడెల్ఫియా సర్జన్ ఫిలిప్ సింగ్ ఫిజిక్ గిలెటిన్ (బ్లేడు జారి తెగ్గొట్టే యంత్రం) తరహా పరికరం తెచ్చాక కోత క్షణాల పనైంది. 20వ శతాబ్దం మొదట్లో, కీళ్లనొప్పులతో సహా ఎన్నో జబ్బులకు గొంతులో దాగిన ఇన్ఫెక్షనే మూలమన్న సిద్ధాంతం ఊపందుకుంది. బాగానే ఉన్న పిల్లల్ని కూడా బల్ల ఎక్కించారు.

అసలు అవసరం ఎవరికి? 1934లో వెలువడిన న్యూయార్క్ సర్వే చదివితే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. 1,000 మంది బడిపిల్లల్లో 611 మందికి అప్పటికే టాన్సిల్స్ తీసేశారు. మిగతా 389 మందిని డాక్టర్లకు చూపిస్తే 174 మందికి ఆపరేషన్ కావాలన్నారు. వద్దన్న 215 మందిని వేరే డాక్టర్లకు చూపిస్తే 99 మందికి కావాలన్నారు. మిగిలిన 116 మందిని ఇంకోసారి చూపిస్తే మరో 51 మంది! ఇంగ్లండ్‌లో గ్లోవర్ అనే వైద్యుడు 1938లో ఇలాంటిదే బయటపెట్టారు. లండన్ దగ్గరి హార్న్సీలో 1928లో 186 ఆపరేషన్లు జరిగితే, 1929లో 12. ఈలోగా అక్కడికి కొత్త స్కూలు వైద్యాధికారి వచ్చారు.

గట్టి ఆధారం కోసం 1984 దాకా ఆగాల్సి వచ్చింది. పిట్స్‌బర్గ్‌లో జాక్ పారడైజ్ బృందం తీవ్రంగా బాధపడే పిల్లల్నే తీసుకుంది: ఏడాదిలో 7 సార్లు, లేదా వరుసగా రెండేళ్లు ఏటా 5, లేదా మూడేళ్లు ఏటా 3 సార్లు గొంతు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లు. ఆపరేషన్ అయినవాళ్లకు మొదటి రెండేళ్లు ఇన్ఫెక్షన్లు తగ్గాయి. అయితే ఆపరేషన్ కానివాళ్లలోనూ చాలామందికి బాధ తేలికపడింది. ఈఎన్‌టీ డాక్టర్లు ఈనాటికీ చూసే లెక్క ఆ 7, 5, 3 సార్లదే.

ఇక కోత పద్ధతి. కరెంటు వేడితో కోసే డయాథర్మీ, ఆ తర్వాత రేడియో తరంగాల శక్తితో కోసే కోబ్లేషన్ వచ్చాయి. కొత్త మెషీన్ అంటే మంచిదనే అనుకుంటాం. 2003–04లో ఇంగ్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో దాదాపు 34,000 మంది రోగులపై జరిగిన ఆడిట్ వేరే మాట చెప్పింది. ఈ రెండు వేడి పద్ధతుల్లో ఆపరేషన్ తర్వాత రక్తస్రావం ముప్పు, మామూలు కత్తి కోతతో పోలిస్తే సుమారు మూడు రెట్లు.

పెద్దవాళ్ల విషయంలో పెద్ద ట్రయల్ ఫలితం 2023లో గానీ రాలేదు. బ్రిటన్‌లో 453 మందితో చేసిన ఆ ‘నటీనా’ అధ్యయనంలో, రెండేళ్లలో గొంతునొప్పి రోజుల మధ్యస్థ విలువ (సగం మందికి అంతకన్నా తక్కువ, సగం మందికి ఎక్కువ) ఆపరేషన్ వర్గంలో 23, ఆగి చూసినవాళ్లలో 30. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 19 శాతం మందికి రక్తస్రావమైంది.