బుడిపెలోని ఎరుపు: లెగ్‌హీమోగ్లోబిన్ పని ఏమిటో తేలిన తీరు

పూత దశకు వచ్చిన పప్పుజాతి మొక్కను మట్టిపెళ్ళతో సహా తవ్వి, వేరు బుడిపెను గోటితో చీలిస్తే లోపల పచ్చి మాంసంలా ఎర్రగా ఉంటుంది. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రోటీన్‌ది. ఇది ఆక్సిజన్‌ను తొలగించి, గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే (స్థిరీకరించే) ఎంజైమ్ నైట్రోజినేజ్‌ను కాపాడుతుందని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. అది సగం నిజమే. మిగతా సగం రుజువు కావడానికి 35 ఏళ్ళు పట్టింది.

బుడిపెల్లోని బాక్టీరియా వల్లే పప్పుజాతి మొక్కలకు గాలిలోని నత్రజని అందుతోందని 1880ల్లోనే తెలిసింది. ఆ ఎరుపు మాత్రం చాలాకాలం ఎవరికీ పట్టలేదు. 1939లో జపాన్‌లో హిడియో కుబో సోయా బుడిపెల్లోని రంగు హీమ్ (ఇనుమును పట్టుకుని ఉండే అణుభాగం) ఉన్న ప్రోటీన్‌దని గుర్తించాడు. శ్వాసక్రియలో పాల్గొనే సైటోక్రోమ్ ప్రోటీన్ల మీద అప్పటికే పేరు తెచ్చుకున్న కేంబ్రిడ్జి శాస్త్రవేత్త డేవిడ్ కీలిన్, వాంగ్‌తో కలిసి 1945లో దాన్ని నిర్ధారించాడు. ఆక్సిజన్‌ను పట్టుకుని మళ్ళీ వదిలే అసలైన హీమోగ్లోబినే అది. లెగ్‌హీమోగ్లోబిన్ అనే పేరు ఫిన్లాండ్‌లో విర్తానెన్ బృందం పెట్టింది. బుడిపెల్లో ఎరుపుతో పాటు గోధుమ, ఆకుపచ్చ రంగులనూ ఆ బృందమే వివరించింది.

దారి తప్పింది ఇక్కడే. ఎర్రగా ఉన్న బుడిపెలే నత్రజనిని స్థిరీకరిస్తున్నాయి కాబట్టి ఈ ప్రోటీనే ఆ పని చేస్తోందేమో అనుకున్నారు. కార్బన్ మోనాక్సైడ్ ఇస్తే స్థిరీకరణ ఆగడం ఆ అనుమానానికి బలమిచ్చింది. నిజానికి ఆ వాయువు హీమ్‌ను అడ్డుకున్నట్టే నైట్రోజినేజ్‌నూ అడ్డుకుంటుంది. 1960ల్లో బాక్టీరాయిడ్ల (బుడిపె కణాల్లో చేరి రూపం మారిన బాక్టీరియా) నుంచి తీసిన నైట్రోజినేజ్ లెగ్‌హీమోగ్లోబిన్ లేకుండానే పనిచేయడంతో ఆ ఊహ వీగిపోయింది.

మరి దీని పనేమిటి? చిక్కంతా ఆక్సిజన్‌తోనే. ఒక నత్రజని అణువును అమ్మోనియాగా మార్చడానికి కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులు కనీసం 16 కావాలి. అంత శక్తి రావాలంటే బాక్టీరాయిడ్లు జోరుగా శ్వాసించాలి. కానీ నైట్రోజినేజ్‌కు గాలి తగిలితే నిమిషాల్లో పాడవుతుంది, మళ్ళీ కోలుకోదు. గాలి సోకిన నీటిలో సుమారు 250 మైక్రోమోలార్ గాఢతలో ఆక్సిజన్ కరిగి ఉంటుంది (ఒక మైక్రోమోలార్ అంటే వెయ్యి నానోమోలార్). బుడిపె లోపలి కణాల్లో స్వేచ్ఛగా ఉండేది 10 నానోమోలార్ స్థాయిలో, అంటే దాదాపు 25 వేల రెట్లు తక్కువ. అంత పలుచటి ఆక్సిజన్ దానంతటదే కణం లోపలికంటా వ్యాపించి బాక్టీరాయిడ్ల ఆకలి తీర్చలేదు.

1974లో విట్టెన్‌బర్గ్, బెర్గర్‌సెన్, ఆపిల్‌బీ, టర్నర్ సోయా బుడిపెల నుంచి వేరుచేసిన బాక్టీరాయిడ్లకు శుద్ధి చేసిన లెగ్‌హీమోగ్లోబిన్ కలిపి చూశారు. ఆక్సిజన్ చాలా తక్కువగా ఉన్న ఆ స్థితిలో శ్వాసక్రియా పెరిగింది, నత్రజని స్థిరీకరణా పెరిగింది. అంటే ఇది చేరవేసే ప్రోటీన్. బుడిపెలో దీని గాఢత ఒక మిల్లీమోలార్, ఆపైన కూడా ఉంటుంది. అందులో ఐదో వంతు ఆక్సిజన్‌తో నిండి ఉన్నా, స్వేచ్ఛగా ఉన్నదానికి 20 వేల రెట్ల ఆక్సిజన్ దీని భుజాల మీదే ఉన్నట్టు. ఇది నిల్వ గిడ్డంగి కూడా కాదు. ఉన్నదంతా వదిలేసినా శ్వాసకు కొద్ది సెకన్లకే సరిపోతుంది.

అదే ఏడాది ట్యెప్‌కెమా, యోకమ్ సోయా బుడిపెల్లోకి సూక్ష్మ ఎలక్ట్రోడ్లు దించి, ఆక్సిజన్ ఎక్కడ ఒక్కసారిగా పడిపోతోందో కొలిచారు. ఆక్సిజన్ రాకను కట్టడి చేసేది బుడిపె పైపొరల లోపలి అంచు. వచ్చిన కొద్దిపాటిని కాల్చేసేది బాక్టీరాయిడ్ల శ్వాస. 'ఆక్సిజన్‌ను తొలగిస్తుంది' అన్న మాట ఈ రెండింటి పనినీ లెగ్‌హీమోగ్లోబిన్‌కే కట్టబెడుతోంది.

ప్రోటీన్ మొక్కదా, బాక్టీరియాదా అన్న వాదం 1969లో డిల్‌వర్త్ పనితో ఒక కొలిక్కి వచ్చింది. ఒకే రైజోబియం (బుడిపెల్లో చేరే బాక్టీరియా) రెండు వేర్వేరు మొక్కల్లో రెండు వేర్వేరు లెగ్‌హీమోగ్లోబిన్లకు దారితీసింది. తేడా మొక్కను బట్టే. 1981లో సోయా నుంచి జన్యువులనే పట్టుకున్నారు.

అన్నిటికంటే తిరుగులేని రుజువు 2005లో వచ్చింది. లోటస్ జపానికస్ అనే పప్పుజాతి మొక్కలో ఈ జన్యువులను ఆర్‌ఎన్ఏ జోక్యంతో (జన్యువు పంపే సందేశాన్ని నాశనం చేసే పద్ధతి) అణచివేస్తే బుడిపెల్లో స్వేచ్ఛా ఆక్సిజన్ పెరిగింది, నైట్రోజినేజ్ ప్రోటీన్ కనిపించకుండా పోయింది, స్థిరీకరణ ఆగింది. నత్రజని ఎరువు ఇస్తే అవే మొక్కలు మామూలుగా పెరిగాయి. పాఠ్యపుస్తకాల మాట సగమైనా నిజమని అన్నది ఇందుకే: సరఫరాతో పాటు స్వేచ్ఛా ఆక్సిజన్‌ను అదుపులో ఉంచడంలోనూ దీనికి పాత్ర ఉంది.

పొలంలో చూసేటప్పుడు మొక్కను పీకకూడదు, బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. లోపల తెల్లగా ఉంటే అవి ఇంకా లేతవి కావచ్చు, లేదా ఆ రైజోబియం రకం ఆ పంటకు సరిపడనిది కావచ్చు. ఆకుపచ్చగా ఉంటే హీమ్ విరిగిపోతోందని అర్థం. గింజ నిండే దశలో అది సహజమే, పూతకు ముందే కనిపిస్తే మొక్క ఏదో ఒత్తిడిలో ఉంది. మట్టిలో నైట్రేట్ ఎక్కువైతే అసలు బుడిపెలే తగ్గుతాయి.

ప్రయోగశాలలో కొలిచేవారిని తరచూ దెబ్బతీసేది ఫినాల్ పదార్థాలు. రుబ్బగానే అవి ప్రోటీన్‌లోని ఇనుమును ఫెర్రిక్ (ఆక్సీకరణం చెందిన) రూపానికి మారుస్తాయి, రసం గోధుమ రంగుకు తిరుగుతుంది, ఇక ఆక్సిజన్‌ను పట్టదు. అందుకే తాజా బుడిపెలను మంచు మీద ఉంచి, ఫినాల్‌లను పట్టేసే, నీటిలో కరగని పాలీవినైల్‌పాలీపైరోలిడోన్ కలిపి, పీహెచ్ 7 దగ్గరి ఫాస్ఫేట్ బఫర్‌లో చకచకా రుబ్బాలి. ఆక్సిజన్ పట్టిన (ఆక్సీ) రూపం చెడకుండా దక్కితే స్పెక్ట్రమ్‌లో 541, 574 నానోమీటర్ల దగ్గర రెండు శిఖరాలు స్పష్టంగా కనిపిస్తాయి.