‘కన్సిస్ట్ ఆఫ్’ రాయాలా, ‘కంప్రైజ్’ రాయాలా: అపోహలు – వాస్తవాలు

చెన్నై గిండీలో పేటెంట్ ఆఫీసు ఉంది. ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, కేరళ దరఖాస్తులు అక్కడికే వెళ్తాయి. అలా వెళ్లే డ్రాఫ్టుల ఇంగ్లీషు దిద్దడం నా పని. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి ఇక్కడికి చదువుకోవడానికొచ్చిన మన పిల్లలు ఎక్కువగా నా దగ్గరికొస్తారు. వస్తువులో ఏమేం ఉన్నాయో చెప్పాల్సిన వాక్యం దగ్గరే చాలామంది తడబడతారు.

అపోహ: కన్సిస్ట్, కంప్రైజ్, ఇన్‌క్లూడ్ – ఏది వాడినా ఒకటే.

ఒకటి కాదు. జాబితా అక్కడితో అయిపోయిందా, ఇంకా ఉందా అన్నది క్రియను బట్టే తెలుస్తుంది. చెరకు పిప్పితో ప్లేట్లు చేసిన కుర్రాడొకడు “ది ప్లేట్ ఈజ్ కన్సిస్టింగ్ ఆఫ్ బగాస్, స్టార్చ్ అండ్ వాటర్” అని రాసుకొచ్చాడు. ఈ క్రియకు ‘ఈజ్’, ‘ఇంగ్’ తగిలించరు. ‘కన్సిస్ట్స్ ఆఫ్’ చాలు. అది చిన్న దిద్దుబాటు. అసలు ప్రమాదం క్లెయిములో, అంటే దరఖాస్తులో మన హక్కు ఎంతవరకో చెప్పే వాక్యంలో ఉంది. అక్కడ ‘కన్సిస్టింగ్ ఆఫ్’ అంటే ఈ మూడే, నాలుగోది లేదని. పోటీవాడు అదే ప్లేటుకు కాస్త మైనం కలిపి క్లెయిము పరిధి నుంచి తప్పించుకోవచ్చు. ‘కంప్రైజింగ్’ అంటే ఈ మూడూ ఉండి తీరాలి, వేరేవి ఉన్నా ఫర్వాలేదు.

“ఒక్క మాటకే ఇంత తేడానా అక్కా?” అన్నాడు. అంత తేడానే. అమెరికా పేటెంట్ ఆఫీసు పరీక్షకుల మాన్యువల్లో ఈ మాటలకు ప్రత్యేక విభాగమే ఉంది. ఈ రెండింటికీ నడుమ ‘కన్సిస్టింగ్ ఎసెన్షియల్లీ ఆఫ్’ కూడా ఉంది: వస్తువు మౌలిక లక్షణాలను పెద్దగా మార్చనివి మాత్రమే అదనంగా ఉండొచ్చని దాని అర్థం.

అయితే పేటెంట్ల బయట ‘కంప్రైజ్’ తీరు వేరు. అక్కడ అది పూర్తి జాబితాకే పెట్టింది పేరు. మన రాజ్యాంగం ఒకటో అధికరణం మూడో క్లాజులో భారత భూభాగానికి ‘షల్ కంప్రైజ్’ అని రాసి రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు, ఇకపై చేరే భూభాగాలు అన్నీ చెప్పేశారు. 79వ అధికరణంలో పార్లమెంటుకు ‘షల్ కన్సిస్ట్ ఆఫ్’ వాడారు: రాష్ట్రపతి, రెండు సభలు. 12వ అధికరణంలో ‘స్టేట్’ అనే మాటకు మాత్రం ‘ఇన్‌క్లూడ్స్’. చట్టాల్లో ‘మీన్స్’ అంటే సాధారణంగా గిరి గీసినట్టు, ‘ఇన్‌క్లూడ్స్’ అంటే తలుపు తెరిచి ఉంచినట్టు. అందుకే ‘ఇన్‌క్లూడ్స్’ రాశాక చివర ‘ఎట్‌సెట్రా’ అక్కర్లేదు.

అపోహ: ‘కంప్రైజెస్ ఆఫ్’ మరింత హుందాగా ఉంటుంది.

‘కంప్రైజెస్’ తర్వాత ‘ఆఫ్’ రాదు. ‘ఈజ్ కంప్రైజ్డ్ ఆఫ్’ సంగతి వేరు. నిఘంటువులు దాన్ని నమోదు చేశాయి, ఒప్పుకోని ఎడిటర్లు మాత్రం ఇంకా చాలామందే. నేనైతే ‘ఈజ్ కంపోజ్డ్ ఆఫ్’గా మార్చేస్తాను. మీరు రాసింది పరిశీలించే రివ్యూయరు దృష్టి మీ ప్రయోగం మీద ఉండాలి గానీ ప్రిపొజిషన్ మీద ఎందుకు పడాలి? భాగాల వైపు నుంచి, అంటే ‘ఇవన్నీ కలిస్తే ఆ వస్తువు’ అని చెప్పాలంటే ‘కాన్‌స్టిట్యూట్’ ఉంది.

అపోహ: ‘మేడ్ ఆఫ్’, ‘మేడ్ ఫ్రమ్’ తేడా పరీక్షల్లో మార్కుల కోసమే.

బల్లలో చెక్క చెక్కలాగే కనిపిస్తుంది, కాబట్టి ‘మేడ్ ఆఫ్ వుడ్’. కాగితంలో చెక్క రూపు పోయింది, కాబట్టి ‘మేడ్ ఫ్రమ్ వుడ్’. పిప్పిని గుజ్జు చేసి నొక్కిన ప్లేటుకూ ‘ఫ్రమ్’ నప్పుతుంది. ఇది ఉక్కు నియమం కాదు, కానీ చాలాచోట్ల పనికొస్తుంది. తెలుగులో ‘తో’ అన్నిటికీ సరిపోతుంది గనక మనవాళ్లు అంతటా ‘మేడ్ విత్’ రాసేస్తారు. ‘విత్’ వంటల్లాంటి వాటికి, పదార్థాల్లో ఒకదాన్ని ప్రత్యేకంగా చెప్పడానికి బాగుంటుంది.

అపోహ: ‘కంటెయిన్’ డబ్బాలకూ సీసాలకే.

ఇంట్లో చికోరీ కలిపిన కాఫీ పొడి ప్యాకెట్ తిప్పి చూడండి. ‘బ్లెండెడ్ విత్ చికోరీ’ అని, ‘దిస్ మిక్స్చర్ కంటెయిన్స్’ అని ఉండి, పక్కనే శాతాలుంటాయి. ఇలాంటి మిశ్రమంలో చికోరీ 49 శాతం దాటకూడదన్నది నిబంధన. ‘కంటెయిన్స్’ ఒక పదార్థం ఉందని చెబుతుందే తప్ప అదే సర్వస్వమని చెప్పదు. అందుకే మీ వివరణలో శాతాలన్నీ కలిపి 100 అయితే ‘కన్సిస్ట్స్ ఆఫ్’ రాయండి. 2 శాతం గ్లిజరాల్ ఉందని మాత్రమే చెప్పాలంటే ‘కంటెయిన్స్’ రాసి, ఆ శాతం బరువు లెక్కనో, ఘనపరిమాణం లెక్కనో తప్పకుండా చెప్పండి.