వాతావరణ సదస్సుకు మన తీరం పిల్లలు: అపోహలు, వాస్తవాలు

నెల్లూరు, ప్రకాశం తీరంలోని మత్స్యకార పల్లెల యువతతో పనిచేస్తుంటాను. 2023లో దుబాయ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు కాప్28కు పరిశీలకుడిగా వెళ్లొచ్చాను. అప్పటి నుంచి కాలేజీ పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు అడుగుతున్న వాటికి ఇవీ నా జవాబులు.

అపోహ: డబ్బు కడితే ఎవరైనా వెళ్లొచ్చు.

వాస్తవం: ముందు దీని గురించే చెప్పాలి, ఇళ్లలో డబ్బు పోతున్నది ఇక్కడే. చర్చలు జరిగే బ్లూ జోన్‌లోకి వెళ్లాలంటే బ్యాడ్జి ఉండాలి. ప్రభుత్వమో, ఐరాస గుర్తింపు ఉన్న పరిశీలక సంస్థో మన పేరు పంపితేనే విద్యార్థికి అది దొరుకుతుంది. దానికి ఫీజు లేదు. ప్రయాణం, బస ఖర్చు మాత్రం మనమో, పంపిన సంస్థో పెట్టుకోవాలి. 'యూత్ డెలిగేట్' సర్టిఫికెట్ ఇస్తామని లక్షల్లో ప్యాకేజీలు అమ్మేవాళ్లు తీసుకెళ్లేది వేరే హాలుకి. అక్కడ ఏ దేశమూ ఏ ఒప్పందమూ చేసుకోదు. నగలు కుదువ పెట్టేముందు ఒక్క మాట అడగండమ్మా: 'మా పిల్లను ఏ పరిశీలక సంస్థ పేరు మీద పంపుతున్నారు?'

అపోహ: స్టేజీ ఎక్కి మాట్లాడితేనే వెళ్లినట్టు.

వాస్తవం: అక్కడ యువత తరఫు బృందం పేరు యంగో. 2011 నుంచి దానికి అధికారిక గుర్తింపు ఉంది. అయినా అన్ని దేశాలూ కలిసి కూర్చునే పెద్ద సభ, అంటే ప్లీనరీలో, దానికి దక్కేది రెండు మూడు నిమిషాలు, అదీ అందరి తరఫునా ఒక్కరికి. అసలు పని చిన్న గదుల్లో నడుస్తుంది. ముసాయిదాను తెర మీద వేస్తారు, ఒప్పుదల కాని మాటలు బ్రాకెట్లలో ఉంటాయి, ఒక్క వాక్యం దగ్గరే గంటలు గడుస్తాయి. ఓటింగ్ నిబంధన మీద 1995 నాటి తొలి సదస్సు నుంచీ దేశాలు ఒక మాట మీదికి రాలేదు. అందుకే మన పాలేల్లో పెద్దలు కూర్చున్నప్పటిలాగా అందరూ సరేనంటేనే తీర్మానం. పరిశీలకులం వెనక వరసలో కూర్చుంటాం, ఒక్కోసారి బయటికి పొమ్మంటారు కూడా. మన దేశ ప్రతినిధి టీకి బయటికొచ్చినప్పుడు, ఏ పేరా మన తీరానికి ఎందుకు ముఖ్యమో రెండు ముక్కల్లో చెప్పగలగాలి. నా దృష్టిలో ప్రసంగం కన్నా విలువైనది ఇదే.

అపోహ: ఇంగ్లిష్ గడగడా రావాలి.

వాస్తవం: అక్కడ చాలామందికి అది సొంత భాష కాదు. తడబడినా వింటారు.

అపోహ: అక్కడ ప్రకటించిన నిధి మన ఊరికి వస్తుంది.

వాస్తవం: వాతావరణ మార్పుతో నష్టపోయే బడుగు దేశాలకు సాయం చేసేది 'లాస్ అండ్ డ్యామేజ్' నిధి. దాన్ని అమల్లోకి తెచ్చే నిర్ణయం కాప్28 తొలిరోజే, నవంబర్ 30న జరిగింది. డిసెంబర్ 5న, సదస్సు నడుస్తుండగానే, మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 'అన్నా, ఆ డబ్బు మనకెప్పుడు వస్తుంది?' అని మా కుర్రాళ్లు ఫోన్ చేశారు. చాలా బాధేసింది. ఆ నిధి నేరుగా మనుషుల ఖాతాల్లో పడేది కాదు. బోటుకు, వలకు సాయం రాష్ట్ర విపత్తు నిధి నుంచి రావాలి. అందులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రానిది 25. నష్టం లెక్క రాయడానికి అధికారులు వచ్చినప్పుడు జాబితాలో పేరు ఎక్కిందో లేదో చూసుకోవడమే ఆ రోజు మన పని.

అపోహ: వెళ్లలేకపోతే చేసేదేమీ లేదు.

వాస్తవం: ప్లీనరీలు ఆన్‌లైన్‌లో లైవ్ వస్తాయి. ఏటా జూన్‌లో జర్మనీలోని బాన్‌లో జరిగే సమావేశాలవీ చూడొచ్చు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. తుపాను హెచ్చరికలతో బోట్లు ఆగిపోయే రోజులు దీనికి అదనం. అలా తుపానుకు ఆగిన రోజులను మీ పల్లెలో బోటు బోటుకూ అడిగి, తేదీలతో నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. బ్యాడ్జి ఎవరికి దొరికినా ఆ లెక్క వాళ్ల చేతికివ్వొచ్చు.