అమ్మాయిల స్పోర్ట్స్ యూనిఫాం: ‘రూల్ ఒప్పుకోదట’ అనేవాళ్లకు నా జవాబు

జూన్‌లో స్కూళ్లు తెరవగానే మాకు ఫోన్లు మొదలవుతాయి. ధర ఎంత, ఎన్నాళ్లలో ఇస్తారు అనే ప్రశ్నల కంటే ముందు ఇంకో ప్రశ్న వస్తుంది. “మేడం, అమ్మాయిలు స్కర్టే వేసుకోవాలట కదా? లెగ్గింగ్స్ వేసుకుంటే ఆడనివ్వరట కదా?” అడిగేది ఎక్కువగా అమ్మలే. వాళ్ల టెన్షన్ గొంతులోనే తెలిసిపోతుంది. హైదరాబాద్‌లో స్పోర్ట్స్ యూనిఫాంలు డిజైన్ చేసి కుట్టించడం నా పని. ఈ ‘అట’లు వినీ వినీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను. మా రంగంలో అపోహలకు కొదవ లేదు కానీ, పిల్లల చేత ఆటే మాన్పించేది మాత్రం ఇదొక్కటే.

అపోహ: అమ్మాయిలు పొట్టివి, బిగుతువి వేసుకోవాలని ఆట రూల్స్‌లోనే ఉంది.

వాస్తవం: బ్యాడ్మింటన్‌తో మొదలుపెడతాను, మన ఊళ్లో ఎక్కువమంది పిల్లలు ఆడేది అదే కాబట్టి. 2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య పెద్ద టోర్నీల్లో మహిళలు స్కర్ట్ గానీ డ్రెస్ గానీ వేసుకోవాలని రూల్ తేబోయింది. మహిళల ఆటకు ఆదరణ పెంచడానికే అని చెప్పుకుంది. క్రీడాకారిణులే ఎదురు తిరగడంతో ముందు వాయిదా వేసి, 2012లో ఆ ఆలోచనే మానుకుంది. అమల్లోకి రాకుండానే పోయిన రూల్ అది. దాన్ని పట్టుకుని ఇవాళ్టికీ పన్నెండేళ్ల పిల్లలను భయపెడుతున్నారంటే నాకు ఒళ్లు మండుతుంది.

నిజంగా రూల్ ఉన్న చోట్ల కూడా అది నిలవలేదు. బీచ్ హ్యాండ్‌బాల్‌లో అమ్మాయిలు బికినీ అడుగు భాగమే వేసుకోవాలనేవారు. 2021లో యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో నార్వే జట్టు షార్ట్స్ వేసుకుని ఆడితే 1,500 యూరోల జరిమానా వేశారు. ప్రపంచమంతా తిట్టిపోసింది, ఆ ఏడాదే రూల్ మార్చి షార్ట్స్‌కి ఒప్పుకున్నారు. బాస్కెట్‌బాల్‌లో 2014 ఆసియా క్రీడల నుంచి ఖతార్ అమ్మాయిలు హిజాబ్ తీయమన్నందుకు తప్పుకున్నారు. అదే ఏడాది మన సిక్కు ఆటగాళ్ల చేత తలపాగాలు తీయించారు. తల మీద ఏదీ కప్పుకోకూడదన్న ఆ నిషేధం 2017లో పోయింది. టెన్నిస్‌లో సెరీనా విలియమ్స్ 2018 ఫ్రెంచ్ ఓపెన్‌లో వేసుకున్న, కాళ్ల దాకా ఒంటిని పట్టి ఉండే నల్ల సూట్ మీద ఎంత రభస జరిగిందో గుర్తుందా? ఆ మరుసటి ఏడాదికే స్కర్ట్ లేకుండా లెగ్గింగ్స్ వేసుకోవచ్చని మహిళల టెన్నిస్ సంఘం రాతపూర్వకంగా స్పష్టం చేసింది.

జిమ్నాస్టిక్స్ సంగతి మరీ బాధగా ఉంటుంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో జర్మనీ అమ్మాయిలు చీలమండల దాకా ఉన్న సూట్లు వేసుకుంటే అదో విప్లవంలా రాశారు. అంతకు ముందు నుంచే రూల్ దానికి ఒప్పుకుంటోంది. ఒంటి మీదికి చూపులు పడుతున్నాయని ఇబ్బందిపడిన పిల్లలు ఎంతమంది ఆ సంగతి తెలియకే ఆట వదిలేసి ఉంటారో!

అందుకే ‘రూల్ ఉంది’ అన్నవాళ్లను ఒకటే అడగండి: ఏ రూల్, ఎక్కడ రాసి ఉంది, చూపించండి. మామూలుగా రూల్స్ అడిగేవి జట్టంతా ఒకేలా కనబడటం, నంబరు స్పష్టంగా ఉండటం, ప్రకటనల సైజు లాంటివి. బాస్కెట్‌బాల్‌నే తీసుకోండి, కాళ్లకు కంప్రెషన్ స్లీవ్స్ (బిగుతుగా పట్టి ఉండే తొడుగులు) వేసుకోవచ్చు, కానీ జట్టులో వేసుకున్నవాళ్లందరివీ ఒకే రంగులో ఉండాలి. కొన్ని స్థానిక టోర్నీలవాళ్లు తమ సొంత నిబంధనలు పెడుతుంటారు. ఆర్డర్ ఇచ్చేముందే ప్రాస్పెక్టస్, అంటే ఆ టోర్నీ నిబంధనల పత్రం, చదవండి. అనుమానముంటే నిర్వాహకులకు మెయిల్ పెట్టి, వాళ్ల జవాబు ప్రింట్ తీసి కిట్ బ్యాగ్‌లో పెట్టుకోండి.

ఒక అమ్మాయి గురించి చెప్పాలి. రాష్ట్ర స్థాయి సెలక్షన్లకు వెళ్లాల్సిన పిల్ల, ఉన్నట్టుండి ప్రాక్టీస్ మానేసింది. వాళ్లమ్మ మా దగ్గరికి తీసుకొచ్చి కూర్చోబెట్టినా చాలాసేపు తలెత్తలేదు. చేతి మీద కాలిన మచ్చ ఉంది, స్లీవ్‌లెస్ తప్పనిసరి అని ఎవరో చెప్పారు. జట్టు రంగులోనే, జట్టు డిజైన్‌తోనే ఫుల్ హ్యాండ్స్ జెర్సీ కుట్టించాం. వేసుకుని అద్దం ముందు నిలబడి గాల్లోకి స్మాష్‌లు కొట్టింది. కొట్టి ఏమందో తెలుసా? “ఆంటీ, ఈ పక్క గీత భుజం మీదుగా వస్తే, చెయ్యి ఎత్తినప్పుడు భలే కనబడుతుంది కదా?” అంది. గీత అక్కడికే మార్చాం. జట్టు మొత్తానికీ అలాగే వేశాం.

యూనిఫాంలో సొంత స్టైల్‌కి చోటెక్కడిది అనేవాళ్లకు ఆ గీతే జవాబు. టెన్నిస్‌లో పొడుగు చేతుల చొక్కాలు నడిచే కాలంలో రెనె లాకోస్త్ 1926లోనే పొట్టి చేతుల అల్లిక చొక్కాతో దిగాడు. ఒక కాలిని మాత్రమే కప్పే సూట్‌తో పరిగెత్తిన ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ తర్వాత ఇండియానా పేసర్స్ బాస్కెట్‌బాల్ జట్టుకు యూనిఫాం డిజైన్ చేసింది. అంత దూరం ఎందుకు, మన సానియా ముక్కుపుడక చాలదా!

నా లెక్కలో ఈ కళంతా కటింగ్‌లో ఉంది. మామూలు చొక్కాలా చెయ్యి అతికిస్తే, సర్వీస్‌కి చెయ్యి ఎత్తగానే జెర్సీ మొత్తం పైకి లేచి నడుము కనబడుతుంది. పిల్ల ఒక చేత్తో కిందికి లాక్కుంటూ ఆడుతుంది. మెడ నుంచి చంక దాకా ఏటవాలుగా కుట్టు వచ్చే రాగ్లాన్ చెయ్యి పెట్టి, చంక కింద చిన్న గస్సెట్, అంటే అదనపు గుడ్డ ముక్క, వేస్తే ఆ లాగడం తగ్గిపోతుంది. వెనక అంచు కాస్త కిందికి దించితే వంగినప్పుడూ భయం ఉండదు. మా కటింగ్ మాస్టర్ ఈ గస్సెట్ కోసం పడే తపన చూస్తే అది శిల్పమే అనిపిస్తుంది నాకు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కాటనే మంచిదనేది ఇంట్లో బట్టలకు సరే, ఆటలో అది చెమట పీల్చి బరువెక్కుతుంది. పైగా జెర్సీల మీద వేడితో డిజైన్ ముద్రించే సబ్లిమేషన్ రంగు దానికి పట్టదు. 200 డిగ్రీల దగ్గర్లో ఆవిరయ్యే ఆ రంగు పాలియెస్టర్‌లోకే దిగుతుంది. ఫోన్‌లో మెరిసే నియాన్ పచ్చ బట్ట మీద అలా రాదు, ముక్క ప్రింట్ చూడకుండా ఒప్పుకోవద్దు. డిజైన్ నిండుగా ఉంటేనే కళ అనుకోవడం కూడా పొరపాటే. వాలీబాల్ రూల్‌లో వీపు మీద నంబరు కనీసం 20 సెంటీమీటర్లు, ఛాతీ మీద 15 ఉండాలని ఉంది. పులులూ మంటలూ గీసి అందులో నంబరు దాచేస్తే రెఫరీకి ఏం కనబడుతుంది?

ఇక్కత్ జెర్సీ కావాలని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఆ ఇష్టం నాకూ ఉంది. కానీ పోచంపల్లి చీర ఫొటో తీసి జెర్సీ మీద ముద్రిస్తే అది ఇక్కత్ కాదు. నూలును ముందే ముడులు కట్టి, రంగుల్లో ముంచి, ఆ తర్వాత నేస్తేనే ఆ అంచులు అలా చెదిరినట్టు వస్తాయి. 2024 పారిస్ ఒలింపిక్స్ ప్రారంభ వేడుకలో మన జట్టు దుస్తుల మీద ఇక్కత్ నేసింది కాదు, ముద్రించింది అనే విమర్శ వచ్చింది. అందులో న్యాయం ఉంది. మెట్లు మెట్లుగా సాగే ఆ లెక్కను అర్థం చేసుకుని జెర్సీకి తగ్గట్టు కొత్తగా గీయించుకోండి, దానికి పోచంపల్లి పేరు మాత్రం పెట్టకండి.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఎస్, ఎం, ఎల్ అని మాత్రమే రాసి పంపొద్దు. పిల్లను రెండు చేతులూ పైకెత్తి నిలబెట్టి, చంక నుంచి నడుము దాకా కొలిచి ఆ కొలత కూడా రాయండి. చేతులు ఎంత పొడవుండాలో, కింద లెగ్గింగ్స్ కావాలో వద్దో ఆ పిల్లనే అడగండి, అదీ కోచ్ ముందు, స్నేహితుల ముందు కాకుండా విడిగా.