వగరు: టీ గ్లాసు, ఉసిరి జాడీ, కలంకారీ తెర

కార్తీకంలో పొద్దు ఇట్టే వాలిపోతుంది. దీపాల వేళకు పొయ్యి మీద అల్లం టీ మరుగుతుంటుంది. చేటలో ఉసిరికాయలు ఆరుతుంటాయి. వానల్లో తేమ పడుతుందని మడిచిపెట్టిన కలంకారీ తెరలు మళ్లీ గుమ్మాలకెక్కుతాయి. పైకి చూస్తే వీటికీ వాటికీ పొంతన లేదు. మూడింట్లోనూ ఉన్నది మాత్రం ఒకటే సరుకు: వగరు. ఆ వగరునిచ్చే పదార్థాలను రసాయన శాస్త్రం టానిన్లు అంటుంది, ఇంకాస్త పెద్ద కుటుంబం పేరుతో పాలీఫినాల్స్ అంటుంది. ఇవి పాలను కలిస్తే ఒక పని, ఇనుమును కలిస్తే ఇంకో పని చేస్తాయి. ఆ రెండు పనులూ తెలిస్తే వంటింట్లో సగం చిక్కులు విడిపోతాయి.

షడ్రుచుల్లో వగరునూ లెక్కపెట్టారు మనవాళ్లు. నేటి శాస్త్రం దాన్ని రుచి కన్నా స్పర్శకే దగ్గరగా చూస్తుంది. లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే ప్రొటీన్లు ఉంటాయి. వాటిలో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. టానిన్లు వెళ్లి వాటిని పట్టుకుని ముద్దలు కట్టిస్తాయి. జారుడు పోయి నాలుక అంగిలికి రాసుకుంటుంది. పచ్చి అరటికాయ కొరికినప్పుడు నోరు పట్టేసినట్టు ఉండేది అందుకే.

పాలలో ముఖ్యమైన ప్రొటీన్ కేసీన్. దానిలోనూ ప్రోలీన్ దండిగా ఉంది. డికాక్షన్‌లో పాలు పడగానే టానిన్లు కేసీన్‌ను పట్టుకుంటాయి, మన లాలాజలం జోలికి వచ్చేవి తగ్గుతాయి. పాల టీ మెత్తగా దిగడానికి కారణం ఇదే, చక్కెర ఒక్కటే కాదు. మన ఇళ్లలో వాడే గుండ్రటి పలుకుల టీపొడి సీటీసీ రకం. ఆకును పళ్లున్న రోలర్ల మధ్య చిదిమి, చింపి, చుట్టచుట్టే ఈ పద్ధతి 1930ల్లో అస్సాంలో మొదలైంది. ఆకు అంతగా నలిగితే దానిలోని ఎంజైములు గాలితో కలిసి చకచకా పనిచేస్తాయి. రంగూ వగరూ నిమిషాల్లో నీళ్లలోకి దిగిపోతాయి. ఈ పొడిని పాలు లేకుండా తాగడం కష్టం. ఆకును ఇంతగా నలపని పెద్దాకు టీని ఇలా మరిగించడమూ దండగే.

ఇక అల్లం టీ విరగడం. ఆ నేరం వగరుది కాదు, అల్లానిది. పచ్చి అల్లంలో జింజిబేన్ అనే ఎంజైము ఉంది, ప్రొటీన్లను కత్తిరించడమే దాని పని. 60 డిగ్రీల దగ్గర అది మంచి ఊపు మీద ఉంటుంది. గోరువెచ్చని పాలలో అల్లం దంచి వేసి పొయ్యి మీద పెడితే, పాలు మరుగుకు వచ్చేలోగా సరిగ్గా ఆ వేడిని దాటుకుంటూ పోతాయి. ఆలోగా కేసీన్ తెగుతుంది, పాలు విరుగుతాయి. చైనాలో గ్వాంగ్‌డాంగ్ వాళ్లు ఇదే గుణాన్ని వంటకంగా మార్చుకున్నారు: గిన్నెలో అల్లం రసం పోసి, 70 డిగ్రీల దగ్గరున్న తీపి పాలు దాని మీద ఒక్కసారిగా గుమ్మరిస్తారు, కొద్ది నిమిషాల్లో జున్నులా గడ్డ కడుతుంది. మనకు తప్పయినది వాళ్లకు తినుబండారం.

కాబట్టి అల్లం ఎప్పుడూ నీళ్లలోనే ముందు ఉడకాలి. రెండు కప్పులకు 200 మిల్లీలీటర్ల నీళ్లు, అంగుళం కన్నా కాస్త తక్కువ అల్లం ముక్క. దంచి చన్నీళ్లలోనే వేసి, మరుగు వచ్చాక 3 నిమిషాలు ఉంచితే ఎంజైము చచ్చిపోతుంది, ఘాటు మిగులుతుంది. అప్పుడు రెండు చెంచాల టీపొడి, మరో 2 నిమిషాలు. పాలు 200 మిల్లీలీటర్లు, విడిగా కాచినవైతే మేలు. పాలు పోశాక రెండు పొంగులు చాలు. ఏలక్కాయ దంచి దింపే ముందు వేయాలి, దాని వాసన ఆవిరితో ఎగిరిపోయే రకం. అల్లం తొక్క తీయాలా అని అడుగుతారు; మట్టి లేకుండా కడిగితే అక్కర్లేదు. శొంఠి వేస్తే పచ్చి అల్లమంత వేయకూడదు. ఎండేటప్పుడు అల్లానికి ఘాటునిచ్చే జింజెరాల్ నీటిని కోల్పోయి షోగాల్‌గా మారుతుంది, దాని ఘాటు ఇంకా ఎక్కువ. చిటికెడు చాలు.

బెల్లం టీ విరిగేది మరో కారణంతో. బెల్లంలో కొంత ఆమ్లత, లవణాలు ఉంటాయి. పాలు మరుగుతుండగా వేస్తే కేసీన్ ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకునే శక్తి తగ్గి ముద్ద కడుతుంది. పొయ్యి ఆపి, ఒక నిమిషం ఆగి, తురిమిన బెల్లం కలపండి. పాలు నిన్నటివైతే అది కూడా కాపాడదు. హైదరాబాద్ ఇరానీ చాయ్‌లో ఈ గొడవే రాదు: డికాక్షన్ ఒక పాత్రలో, చిక్కబడేదాకా కాగిన పాలు ఇంకో పాత్రలో, రెండూ కలిసేది కప్పులోనే. టీపొడి గంటలు మగ్గినా పాల వాసన మాడదు, పాలెంత కాగినా టీ చేదెక్కదు. ఇంట్లో పదిమందికి టీ పెట్టేటప్పుడు కూడా ఈ వేరు కాపురమే నయం.

బోరు నీళ్ల టీ మసకగా, పైన సన్నటి తెట్టుతో కనిపిస్తే టీపొడిని తిట్టకండి. నీళ్లలోని కాల్షియం పాలీఫినాల్స్‌తో, గాలితో కలిసి ఆ పొర కడుతుంది. నిమ్మచెక్క పిండితే పొర విడిపోతుంది, రంగూ తేలుతుంది. అది బ్లాక్ టీకి మాత్రమే పనికొచ్చే ఉపాయం అని వేరే చెప్పక్కర్లేదు.

ఉసిరికాయ దగ్గరికి వస్తే ఇక్కడ వగరుకు తోడు పులుపు, దానితోపాటు నారింజకు ఎన్నో రెట్లు విటమిన్ సి. ఆవకాయలా కలిపే పచ్చడి కన్నా నిల్వకు తొక్కే నమ్మకం. కిలో రాచ ఉసిరికాయలు కడిగి, గుడ్డతో తుడిచి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. తొడిమ దగ్గర గుంటలో తడి దాక్కుంటుంది, బూజు మొదలయ్యేది అక్కడే. రాతి రోట్లో కచ్చాపచ్చాగా దంచి, 200 గ్రాముల రాళ్ల ఉప్పు, రెండు చెంచాల పసుపు కలిపి జాడీకెత్తాలి. మూడోనాటికి ఊట దిగుతుంది, గింజలు సులువుగా ఊడి వస్తాయి. గింజలు తీసేసి మళ్లీ దంచి, గట్టిగా అదిమి, పైన ఊట తేలేలా దాచాలి. కావలసినప్పుడు ఓ కప్పు తీసి, వేయించిన మెంతిపొడి ఒక చెంచా, సరిపడా కారం, నువ్వుల నూనెలో ఆవాలు, ఇంగువ, ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపు. ఉప్పు ఎక్కువనిపించి తగ్గించే వాళ్లున్నారు. 200 గ్రాములు రుచి కోసం కాదు, సూక్ష్మజీవులకు నీళ్లు దొరక్కుండా చేయడానికి. 100 గ్రాములతో పెడితే ఫ్రిజ్‌లోనే ఉంచాలి.

తొక్కు నెలలు గడిచేకొద్దీ నల్లబడుతుంది. అది పాడవడం కాదు, పాలీఫినాల్స్ గాలితో కలిసి రంగు మారడం. పెట్టిన రోజే నల్లబడిందంటే మాత్రం ఎక్కడో ఇనుము తగిలిందని అర్థం. ఇనప కత్తితో ఉసిరికాయ కోసి ఒక నిమిషం ఆగి చూడండి: కోతకు రెండు పక్కలా నీలిమందు పూసినట్టు గీత తేలుతుంది. తలకు గోరింటాకు పొడి కలిపేవాళ్లు ఇనప మూకుడులో టీ డికాక్షన్ పోసి రాత్రంతా నానబెట్టేది ఈ నలుపు కోసమే. పాతకాలపు సిరాలో కలిసేవీ ఇవే: కరక్కాయ వగరు, అన్నభేది అనే ఇనుప లవణంలోని ఇనుము.

దీన్ని బల్ల మీద చూడాలంటే ఖర్చేమీ లేదు. గాజు సీసాలో 50 మిల్లీలీటర్ల వెనిగర్ పోసి, తుప్పు పట్టిన నాలుగు మేకులు వేసి, మూడు రోజులు ఉంచాలి. మూత బిగించకూడదు. ఇనుము ఆమ్లంలో కరిగేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, దానికి దారి లేకపోతే మూత ఎగిరిపడుతుంది. చిక్కటి డికాక్షన్ గ్లాసులో ఆ నీళ్లు నాలుగు చుక్కలు వేస్తే ఎర్రటి టీ కళ్లముందే సిరా అవుతుంది. ఇప్పుడు నిమ్మరసం పిండుతూ పోండి. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం ఇనుమును టానిన్ చేతిలోంచి లాక్కుంటుంది, నలుపు పలచబడుతుంది. ఈ గ్లాసు తాగడానికి కాదు, పారబోయడానికి.

కడుపులోనూ ఇలాంటి పట్టే జరుగుతుంది. ఆకుకూరల నుంచి, పప్పుల నుంచి వచ్చే ఇనుమును టీలోని పాలీఫినాల్స్ పట్టేసుకుంటే పేగు దాన్ని తీసుకోలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అలాంటి చోట భోజనం చేతిలో ఉండగానే టీ తాగే అలవాటు చిన్న విషయం కాదు. తిన్నాక గంట ఆగితే చాలు. ఐరన్ మాత్ర టీతో అసలు మింగకూడదు. నిమ్మరసం నీళ్లతో మింగితే విటమిన్ సి దానికి సాయపడుతుంది.

ఇప్పుడు గుమ్మానికి వేలాడే తెర సంగతి. శ్రీకాళహస్తిలో కలంతో చేత్తో గీస్తారు, మచిలీపట్నం పక్క పెడనలో టేకు అచ్చులతో అద్దుతారు. పద్ధతులు వేరైనా పునాది ఒకటే. గంజి పోయేలా శుభ్రం చేసిన నూలు గుడ్డను కరక్కాయ కషాయంలో ముంచుతారు. కాళహస్తి పద్ధతిలో దానిలోనే చిక్కటి గేదెపాలు కలుపుతారు. మన టీ గ్లాసులోని జోడీయే: టానిన్, కేసీన్. కరక్కాయ వగరు నూలు పోగును పట్టుకుని తర్వాత వచ్చే రంగుకు కొక్కెంలా నిలుస్తుంది. పాలలోని కొవ్వు, ప్రొటీను పోగుల సందులు పూడ్చి, గీసిన రంగు పక్కకు పాకకుండా ఆపుతాయి. పాలు తక్కువైతే గీత అంచులు ఈకల్లా చీలిపోతాయి. ముంచిన గుడ్డ ఎండలో త్వరగా ఆరాలి, ఆలస్యమైతే వాసన పడుతుంది. వానలు లేక ఎండ తేటగా ఉండే రోజులు ఆ పనికి అనువైనవి.

నల్లగీతకు వాడేది కసిమి: తుప్పు ఇనుము, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టిన నీరు. బెల్లం పులిసి ఆమ్లాలు పుడతాయి, అవి ఇనుమును కరిగిస్తాయి. మన వెనిగర్ సీసా ఇదే పనిని తొందరగా చేసింది. వెదురు కలానికి చుట్టిన ఉన్ని గుడ్డను వేళ్లతో నొక్కుతూ గీస్తుంటే, పలచగా బయటికొచ్చిన నీరు కరక్కాయ గుడ్డ మీద పడి నల్లబడుతుంది. అంటే కలంలో ఉన్నది నల్లరంగు కాదు, ఇనుము. నలుపు పుట్టేది గుడ్డ మీదే. అదే చోట ఇనుముకు బదులు పటిక నీళ్లతో పూసి, చిరివేరు లేదా మంజిష్ఠ మొక్కల వేళ్లతో ఉడికిస్తే ఎరుపు వస్తుంది. ఏ రంగు తేలాలో నిర్ణయించేది లోహమే. ఈ విద్యతోనే మచిలీపట్నం గుడ్డలు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్లాయి. అంత పాత గుడ్డల్లో ముందు చిరిగేది నల్లగీతల వెంటే, ఇనుము ఏళ్ల తరబడి నూలును తినేస్తుంది కాబట్టి.

కొనేటప్పుడు వెనక తిప్పి చూడండి, చేత్తో వేసిన గీత వెనక్కి దిగి ఉంటుంది. కొత్త గుడ్డకు పాల వాసన ఉంటే వంక పెట్టకండి, రెండు ఉతుకుల్లో పోతుంది. ఎదురెండ పడే కిటికీకి కట్టకండి. ముందు పసుపు వెలుస్తుంది, నీలం, ఎరుపు చాలాకాలం ఓర్చుకుంటాయి. కుంకుడు రసంతో చన్నీళ్లలో ఉతికి నీడలో ఆరవేయాలి. వాషింగ్ సోడా, బ్లీచ్ వద్దు. కలంకారీ బల్లగుడ్డ మీద టీ ఒలికితే వెంటనే పొడిగుడ్డతో అద్ది, చన్నీళ్లు పోసి వదిలేయండి. వేడినీళ్లు పోస్తే పాలలోని ప్రొటీన్ గట్టిపడి మరక దిగిపోతుంది. మరకకు నిమ్మచెక్క రుద్దమని ఎవరో ఒకరు తప్పక చెబుతారు. రుద్దితే టీ మరక కాస్త తగ్గుతుందేమో గానీ, దాని కింద ఉన్న నెమలి కంటి గీత ముందు పోతుంది.