కారుకి వణుకు ఎప్పుడొస్తోంది?

చిట్టితల్లీ, బుజ్జీ,

మీ ఉత్తరం అందింది. "తాతయ్యా, నాన్న కారు 80లో వెళ్తుంటే స్టీరింగ్ వణుకుతుంది. 60కి తగ్గిస్తే ఆగిపోతుంది. మెకానిక్ అంకుల్ తోలి చూస్తే అసలు వణకనే లేదు. కారు అబద్ధమాడుతోందా?" అని అడిగారు.

కారుకి అబద్ధాలు రావమ్మా. ఆయన బహుశా నెమ్మదిగా తోలి చూసుంటారు. ఉండి ఉండి వచ్చే వణుకుని పట్టుకోవాలంటే "ఏం పాడైంది?" అని అడిగే ముందు "ఎప్పుడు వస్తోంది?" అని అడగాలి.

ఉయ్యాల సంగతి చెబుతాను. నా చిన్నప్పుడు మా పెరట్లో చెట్టుకొమ్మకి తాడు ఉయ్యాల ఉండేది. మా అన్నయ్య మంచి బలవంతుడు. తనకి తోచినప్పుడల్లా గట్టిగా నెట్టేవాడు. ఉయ్యాల మెలికలు తిరిగి, నన్ను చెట్టు మొదలుకి తగిలించి ఆగిపోయేది. చెల్లెలికి ఆరేళ్లు. ఉయ్యాల వెనక్కి వచ్చి, ఇక ముందుకు కదలబోతోంది అనగా రెండు అరచేతులూ ఊరికే ఆనించేది. అలా పది పదిహేనుసార్లు ఆనించేసరికి నా కాళ్లు పై కొమ్మ ఆకుల్ని తాకేవి. పాదాలకి తగిలిన ఆ ఆకుల చల్లదనం ఇప్పటికీ గుర్తుంది నాకు.

ఉయ్యాలకి తనదైన లయ ఉంటుంది. ఆ లయకి తగ్గట్టు తోస్తే చిన్న చెయ్యి చాలు. కారు చక్రాల్నీ స్టీరింగ్‌నీ పట్టి ఉంచే స్ప్రింగులు, రబ్బర్లు, కడ్డీలు కూడా ఒక ఉయ్యాలే. చక్రంలో ఒక పక్క కాస్త బరువు ఎక్కువైందనుకోండి, తిరిగిన ప్రతిసారీ అది ఈ ఉయ్యాలని ఒకసారి తోస్తుంది. మామూలు కారు టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. అంటే గంటకి 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 11 తోపులు! 40లో తోపు ఆలస్యంగా పడుతుంది, ఉయ్యాల పట్టించుకోదు. 80 దగ్గర లయ కలుస్తుంది. ఇంకా వేగం పెంచితే, ఉయ్యాల వెనక్కి రాకముందే తోసినట్టై, ఒక్కోసారి వణుకు తగ్గిపోతుంది కూడా.

ఇంతకీ ఆ ఎక్కువ బరువు ఎంతనుకున్నారు? 20 గ్రాములు చాలు. రిమ్ము అంచున ఉన్న 20 గ్రాములు ఆ వేగంలో దాదాపు 2 కిలోల బరువు లాగినట్టు లాగుతాయి. అందుకే రిమ్ముకి చిన్న చిన్న లోహపు ముక్కలు అంటించి సరిచేస్తారు, దాన్నే వీల్ బ్యాలెన్సింగ్ అంటారు. కారు ఆగి ఉన్నప్పుడు, నాన్న పక్కన ఉండగా, రిమ్ము లోపలి వైపు చూడండి. ముక్క ఊడిపోయిన చోట గోరంత జిగురు మరక కనిపించవచ్చు. వానాకాలమైతే అక్కడ బురద గడ్డకట్టి ఉండవచ్చు. బురద గీకేస్తే వణుకు పోయిన కార్లు ఎన్నో ఉన్నాయి.

అన్ని వణుకులూ చక్రానివే కావు. స్టీరింగ్ వణికితే సాధారణంగా ముందు చక్రాలు, సీటు వణికితే వెనక చక్రాలు చూసుకోవాలి. బ్రేకు వేసినప్పుడే వస్తే, చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్లెం, అంటే డిస్కు, మందం అంతటా ఒకేలా లేదేమో, ఉయ్యాల తాడుని ఎవరో పట్టి వదులుతున్నట్టు ఉంటుంది. ఎక్సలేటర్ గట్టిగా తొక్కినప్పుడే వస్తే, ఇంజిన్ బలాన్ని చక్రాలకి చేర్చే కడ్డీ, అంటే డ్రైవ్ షాఫ్ట్, కీలు అరిగిందేమో చూడాలి. కారు నిలబడి ఉండగానే వణికితే ఇంజిన్‌ని పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బరు పోయి ఉండవచ్చు, ఉయ్యాల కట్టిన కొమ్మే ఊగినట్టన్నమాట. లేదా ఇంజిన్‌లో ఇంధనం మండే నాలుగు సిలిండర్లలో ఒకటి సరిగ్గా మండకపోవచ్చు. నలుగురు వంతులేసుకుని తోస్తుంటే ఒకరు తమ వంతు మరిచిపోయినట్టు. చాలా రోజులు కదలకుండా ఉన్న కారైతే, టైరు అడుగు అణిగి కాసేపు దడదడలాడి, వేడెక్కాక అదే సర్దుకుంటుంది.

నాన్నకి ఒక సాయం చెయ్యండి. ఎంత వేగంలో వచ్చింది, బ్రేకు మీదా కాదా, చేతులకి తెలిసిందా సీటుకి తెలిసిందా, అన్నీ ఒక చిన్న పుస్తకంలో రాయండి. చూసింది చూసినట్టు రాయాలి, ఊహ కలపకూడదు. మెకానిక్‌కి ఆ కాగితం ఇచ్చి, అదే వేగంలో తోలి చూడమనండి. ఊహ మీద ఒక్కో సామానూ మారుస్తూ పోతే డబ్బు పోతుంది, వణుకు ఉంటుంది. కానీ టైరు మీద ఉబ్బు కనిపించినా, ఈమధ్యే చక్రం విప్పి బిగించాక వణుకు మొదలైనా, రోజురోజుకీ పెరుగుతున్నా మొహమాటపడకుండా "నాన్నా, కారు ఆపు" అనండి. వదులైన నట్టు వల్ల చక్రమే ఊడిపోవచ్చు.

సెకనుకి పదకొండు తోపులు స్టీరింగ్ దాకా ఎలా వస్తాయో లెక్క వేసి రాద్దామనుకున్నాను. కానీ అంతకంటే ముందు మీరు ఒకటి చూడాలి. సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి, ముందు చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పి వదలండి. చువ్వల్లో వేళ్లు పెట్టకూడదు. ఆగినప్పుడు అడుగున ఉన్న చోట సుద్దముక్కతో గీత పెట్టి, మళ్లీ తిప్పండి. ఇలా మూడుసార్లు. గీత అడుగుకే వస్తుంటే ఆ పక్క బరువు ఎక్కువన్నమాట. అప్పుడు సరిగ్గా దానికి ఎదురుగా చిన్న మట్టిముద్ద అంటించి, ఎక్కడ ఆపితే అక్కడ చక్రం నిలబడేదాకా కొంచెం కొంచెం సర్దండి.

మట్టి అంటించకముందు మాత్రం, ఆగబోయే చక్రాన్ని కళ్లార్పకుండా చూడండి. అది వెంటనే ఆగదు. ఎలా కదులుతుందో నాకు రాయండి.

మీ తాతయ్య