నవంబర్ మార్కులు మార్చిలో చెల్లుతాయా?

2019 నవంబర్ 12న లెక్సింగ్టన్‌లోని రప్ అరీనాకు ఎవాన్స్‌విల్ అనే చిన్న కాలేజీ జట్టు వచ్చింది. కెంటకీ యూనివర్సిటీ అప్పటికి దేశంలో నంబర్ వన్. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో సీజన్ మొదట్లో పెద్ద జట్లు చిన్న జట్లకు డబ్బిచ్చి మరీ తమ ఊరికి పిలిపించుకుంటాయి. సులువుగా ఒక గెలుపు దొరుకుతుంది, టికెట్లు అమ్ముడవుతాయి, అవతలి కాలేజీకి నాలుగు డబ్బులొస్తాయి. ఆ రోజు ఎవాన్స్‌విల్‌కు ముట్టజెప్పింది 90 వేల డాలర్లు. ఆ జట్టు చెక్కు తీసుకుని, 67-64తో మ్యాచ్ కూడా గెలుచుకుని వెళ్లింది.

సరిగ్గా వారం ముందు ఇదే కెంటకీ న్యూయార్క్‌లో అప్పటి నంబర్ వన్ మిషిగన్ స్టేట్‌ను ఓడించింది. కాలేజీలో తొలి ఆట ఆడుతున్న టైరీస్ మాక్సీ బెంచ్ మీద నుంచి వచ్చి 26 పాయింట్లు కొట్టాడు. ఆ వారం రోజులు అతనే హీరో. 12వ తేదీ రాత్రి నుంచి ఈ కుర్రాళ్లకు పట్టుదల లేదన్నారు. మార్చి వచ్చేసరికి కెంటకీ 25 గెలిచి 6 ఓడి, తన ఎస్ఈసీ లీగ్‌లో మొదటి స్థానంలో ఉంది. ఎవాన్స్‌విల్ తన లీగ్‌లో ఆడిన 18 మ్యాచ్‌లూ ఓడింది. జాతీయ చాంపియన్‌ను తేల్చే మార్చి టోర్నమెంట్ కోవిడ్ వల్ల రద్దయింది కాబట్టి అసలు పరీక్ష మాత్రం జరగనే లేదు.

ఏటా నవంబర్‌లో ఈ తంతు మామూలే. కొత్త కుర్రాళ్లు దిగుతారు, రెండు మూడు ఆటలు చూసి జనం తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పులు ఎందుకు ఇంతగా తప్పుతాయో తెలియాలంటే, తొలి ఏడాది విద్యార్థులు అసలు కాలేజీ జట్టులోకి ఎలా వచ్చారో చూడాలి.

ఒకప్పుడు వాళ్లను జట్టులో ఆడనిచ్చేవారు కాదు. యుద్ధకాలపు మినహాయింపులు తప్ప, ఫ్రెష్‌మన్ అంటే ఏడాదిపాటు వేరే జట్టులో ఆడాల్సిందే. చదువు మీద దృష్టి పెట్టాలన్నది చెప్పిన కారణం. దానివల్ల జరిగిన వింతల్లో పెద్దది 1965 నవంబర్ 27న లాస్ ఏంజెలెస్‌లో జరిగింది. అప్పటికి వరసగా రెండుసార్లు జాతీయ చాంపియన్ అయిన యూసీఎల్ఏ అసలు జట్టును, అదే కాలేజీ ఫ్రెష్‌మన్ జట్టు 75-60తో ఓడించింది. లూ ఆల్సిండర్ అనే పొడుగు కుర్రాడు 31 పాయింట్లు, 21 రీబౌండ్లు (గురి తప్పిన షాట్ల బంతిని అందుకోవడం) సాధించాడు. తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్‌గా ప్రపంచానికి తెలిసింది ఇతనే. దేశంలోకెల్లా మంచి ఆటగాడు బహుశా ఆ ఏడాది అసలు పోటీల్లోనే లేడు. ఒక్క ముక్క చెప్పాలి: నవంబర్ ఆట చూసి వేసిన అంచనా ఆ ఒక్కసారీ అక్షరాలా నిజమైంది. ఆల్సిండర్ ఆ తర్వాత మూడేళ్లు ఆడాడు, మూడుసార్లూ యూసీఎల్ఏయే చాంపియన్.

1972లో కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఆ అడ్డు తీసేసింది. దయతో కాదు, ప్రతి కాలేజీ రెండు జట్లను పోషించే ఖర్చు తగ్గుతుందని. అయినా చాలాకాలం కోచ్‌లు సీనియర్ల మీదే ఆధారపడ్డారు. ఐదుగురు కుర్రాళ్లను ఒకేసారి నమ్మొచ్చని చూపించింది 1991-92 మిషిగన్ జట్టు. క్రిస్ వెబర్, జేలెన్ రోజ్, జువాన్ హవర్డ్, జిమ్మీ కింగ్, రే జాక్సన్. డిసెంబర్‌లో చాంపియన్ డ్యూక్‌ను ఓవర్‌టైమ్ దాకా లాగి 88-85తో ఓడారు. ఐదుగురూ కలిసి ఆట మొదలుపెట్టడం ఫిబ్రవరిలో గానీ జరగలేదు. ఏప్రిల్‌లో ఫైనల్లో మళ్లీ అదే డ్యూక్ ఎదురైతే 71-51తో చిత్తయ్యారు. డిసెంబర్ కంటే తేడా తగ్గాల్సింది పోయి పెరిగింది. కుర్రాళ్లు వారం వారం మెరుగవుతారన్న నమ్మకానికి ఇది సరిపడే ఉదాహరణ కాదు.

మరో మలుపు ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ వైపు నుంచి వచ్చింది. 1995లో కెవిన్ గార్నెట్ హైస్కూల్ నుంచి నేరుగా ఎన్‌బీఏకు వెళ్లాడు. మరుసటి ఏడాది కోబీ బ్రయంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్. అంటే ఆ పదేళ్లలో చాలామంది మంచి కుర్రాళ్లు కాలేజీ గడపే తొక్కలేదు. 2005 ఒప్పందంలో ఎన్‌బీఏ కనీస వయసును 19కి పెంచి, అమెరికన్ ఆటగాళ్లు హైస్కూల్ అయ్యాక ఏడాది ఆగాలంది. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2006 నుంచి ఇది అమలైంది. దాంతో ఆ ఒక్క ఏడాది గడిపేందుకు మేటి కుర్రాళ్లంతా కాలేజీలకు వచ్చారు. ఒక్క సీజన్ ఆడి వెళ్లిపోయే ఈ పద్ధతిని ‘వన్ అండ్ డన్’ అన్నారు.

2009లో కెంటకీకి వచ్చిన కోచ్ జాన్ కాలిపరి దీన్నే తన విధానంగా చేసుకున్నాడు. ఏటా కొత్త కుర్రాళ్లు, ఏటా మొదటి నుంచి అక్షరాభ్యాసం. 2013-14 జట్టు సీజన్ మొదలవకముందే నంబర్ వన్ అనిపించుకుంది. నవంబర్ 12న చికాగోలో మిషిగన్ స్టేట్ చేతిలో 78-74తో ఓడింది. మార్చి మొదట్లో కూడా సౌత్ కరోలినా చేతిలో ఓడింది. పది ఓటములతో, తన విభాగంలో ఎనిమిదో సీడ్‌గా, అంటే ఎనిమిదో ర్యాంకుతో, టోర్నమెంట్‌లో అడుగుపెట్టింది. అక్కడ ఆరన్ హారిసన్ వరసగా మూడు మ్యాచ్‌ల్లో చివరి నిమిషంలో త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేసి జట్టును ఫైనల్‌కు తీసుకెళ్లాడు. ఫైనల్లో కనెక్టికట్ గెలిచింది. ఈ సీజన్‌ను ఏ నెలలో కొలిస్తే ఆ నెలకు తగ్గ తీర్పు వస్తుంది.

మరి మొదట్లో చూసినదేదీ పనికిరాదా? అలా అనను. ఏది చూస్తున్నామన్నదే ముఖ్యం. 2012లో కెంటకీ టైటిల్ గెలిచినప్పుడు జట్టుకు వెన్నెముక ఆంథొనీ డేవిస్ అనే ఫ్రెష్‌మన్. అంతకుముందు డిసెంబర్‌లో నార్త్ కరోలినా మీద 73-72తో గెలిచిన ఆటలో చివరి షాట్‌ను అడ్డుకున్నది అతనే. కాన్సస్‌తో ఫైనల్లో పది షాట్లు వేస్తే ఒక్కటే పడింది. మొత్తం ఆరు పాయింట్లు. కానీ 16 రీబౌండ్లు, 6 బ్లాకులు. చివరి నాలుగు జట్ల పోరైన ఫైనల్ ఫోర్‌లో ఉత్తమ ఆటగాడిగా ఎంపికైంది అతనే. డిసెంబర్‌లో అతని డిఫెన్స్ చూసి ముచ్చటపడినవాళ్లు తప్పులో కాలేయలేదు.

షాట్లు చూసి ముచ్చటపడితే వేరే కథ. 2018 నవంబర్ 6న డ్యూక్ 118-84తో కెంటకీని ఉతికేసింది. ఆర్.జె. బారెట్ 33, జయన్ విలియమ్సన్ 28, క్యామ్ రెడిష్ 22. ముగ్గురూ ఫ్రెష్‌మన్లే, ముగ్గురికీ అదే తొలి మ్యాచ్. ఈ జట్టు ఎన్‌బీఏలో అట్టడుగు జట్టును ఓడించగలదా అని టీవీల్లో చర్చ పెట్టారు! ఆ రాత్రి డ్యూక్ త్రీలు బాగా పడ్డాయి. సీజన్ మొత్తం చూస్తే వాళ్ల సగటు 31 శాతం దగ్గరే ఆగింది, కాలేజీ స్థాయిలో కూడా అది తక్కువే. 34 పాయింట్ల తేడాతో మొదలైన ఈ రెండు జట్లూ చివరికి ఒకే మెట్టు మీద, ఆఖరి ఎనిమిదిలో, ఇంటిదారి పట్టాయి. టైటిల్ వర్జీనియాకు దక్కింది, జాగ్రత్తగా, నెమ్మదిగా ఆడే జట్టుకు.

అందుకే నా వరకు నవంబర్‌లో స్కోరు కంటే డిఫెన్స్, రీబౌండ్లు, టర్నోవర్లు (బంతి పోగొట్టుకోవడం) చూడటం నయం. హైస్కూల్లో బంతి ఎప్పుడూ తన చేతిలోనే ఉన్న కుర్రాడు, తోటివాడు కాస్తున్న ప్రత్యర్థి తప్పించుకుంటే పరుగెత్తి అడ్డుపడుతున్నాడా? త్రీ పాయింటర్లు ఐదారు మ్యాచ్‌లకు అటూ ఇటూ ఊగుతాయి, ఆ అలవాటు అంతగా ఊగదు.

“ఇంకా మొదలేగా, కుదురుకుంటారు” అన్న మాటకూ హద్దుంది. 2020-21లో కెంటకీ ఏడు ఆటల్లో ఒకటే గెలిచింది. కుర్రాళ్లు కదా, ఫిబ్రవరికి గాడిలో పడతారని అభిమానులు ఆగారు. గాడిలో పడలేదు. 9 గెలుపులు, 16 ఓటములతో సీజన్ ముగిసింది. కోవిడ్ వల్ల వేసవి ప్రాక్టీస్ సరిగా సాగలేదన్నది నిజమే. ఇలా ప్రతి ఏడూ కొత్తవాళ్లతో కట్టే జట్టుకు ఆ వేసవి వారాలే ప్రాణం.

ఆ తర్వాత లెక్క మొత్తం మారింది. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో మీద డబ్బు సంపాదించుకోవచ్చు. అదే ఏడాది నుంచి కాలేజీ మారితే ఒక సీజన్ ఖాళీగా కూర్చోవాల్సిన పని ఒకసారికి తప్పింది, 2024లో ఎన్నిసార్లయినా సరే అన్నారు. కోవిడ్ ఏడాదికి బదులుగా అప్పటి ఆటగాళ్లందరికీ ఆడేందుకు ఇంకో సంవత్సరం ఇచ్చారు. ఫలితం: ఫ్రెష్‌మన్‌కు ఎదురుగా ఇప్పుడు 22, 23 ఏళ్ల వాళ్లు నిలబడుతున్నారు. పద్దెనిమిదేళ్ల ఒంటికి అది చిన్న తేడా కాదు.

2024 నవంబర్ 12న అట్లాంటాలో అది కళ్లకు కట్టింది. కాలిపరి అర్కన్సాకు వెళ్లిపోయాక కెంటకీ కొత్త కోచ్ మార్క్ పోప్ వేరే కాలేజీల నుంచి వచ్చిన సీనియర్లతో జట్టు కట్టాడు. అవతల డ్యూక్‌లో కూపర్ ఫ్లాగ్, ఇంకా పద్దెనిమిది నిండలేదు. 26 పాయింట్లు, 12 రీబౌండ్లు తీసుకుని, చివరి క్షణాల్లో బంతి పోగొట్టుకున్నాడు. కెంటకీ 77-72తో గెలిచింది. అదే నెలలో డ్యూక్ కాన్సస్ చేతిలోనూ ఓడింది. ఒత్తిడిలో ఫ్లాగ్ తేలిపోతున్నాడన్న మాట అప్పుడే మొదలైంది. డ్యూక్ ఆ తర్వాత ఫైనల్ ఫోర్ దాకా ఒక్క క్లెమ్సన్ చేతిలోనే ఓడింది. హ్యూస్టన్‌తో సెమీఫైనల్లో గెలిచే స్థితిలో ఉండి 70-67తో చేజార్చుకుంది, ఆఖర్లో ఫ్లాగ్ వేసిన షాట్ పడలేదు. టైటిల్ ఫ్లోరిడాది, అందులో ముఖ్యులు ముగ్గురూ వేరే కాలేజీల నుంచి వచ్చిన సీనియర్లు. జూన్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో మాత్రం మొదట పిలిచిన పేరు ఫ్లాగ్‌దే.